చచ్చినవాడు సరే, ఏడ్చినవాళ్ళ సంగతేంటి?

2023 మే నెలాఖర్లో ‘అమేజింగ్ స్పైడర్‌మ్యాన్’ 26వ సంచికలో కమలా ఖాన్‌ని చంపేశారు. మిజ్ మార్వెల్ పేరుతో తిరిగే జెర్సీ సిటీ పిల్ల, పాకిస్తానీ అమెరికన్. ఇంట్లో అమ్మానాన్నల ఆంక్షలు, మసీదు, స్కూలు, రాత్రిపూట దొంగచాటుగా ఇంటర్నెట్లో రాసుకునే హీరోల కథలు, అన్నీ కలిసిన ఆ అమ్మాయి ప్రపంచం నాలాంటి దేశీ పాఠకులకి పక్కింటి వ్యవహారంలా ఉండేది. ఆమె తన సొంత పత్రికలో చనిపోలేదు. ఇంకో హీరో పత్రికలో, ఆ హీరో ఒకప్పుడు ప్రేమించిన మేరీ జేన్ రూపం ధరించి, ఆవిడ బదులు తను పోటు తిని పోయింది. చివరికి చావు కూడా సొంత మొహంతో చావనివ్వలేదు.

ఆ వార్త మా కామిక్స్ మిత్రుల వాట్సాప్ గ్రూపులో పడ్డప్పుడు ఒక్కరు కూడా “అయ్యో” అనలేదు. “నవంబర్లో సినిమా ఉంది కదా, ఈలోపు లేపేస్తార్లే” అన్నాడొకడు. నేను ఒక నవ్వే బొమ్మ పెట్టాను. జూలై నెలాఖర్లో నిజంగానే లేపేశారు. మన ఇళ్ళల్లో అయితే రెండో మాసికం పెట్టే సమయం.

నేను పెట్టిన ఆ నవ్వే బొమ్మ తర్వాత చాలా రోజులు నన్ను ఇబ్బంది పెట్టింది. ఇష్టమైన పాత్ర చనిపోతే నవ్వడం నాకు ఎప్పుడు అలవాటైంది? ఎవరు నేర్పారు?

సూపర్‌హీరో కామిక్స్‌లో ఎవరూ నిజంగా చావరనే ఫిర్యాదు పాతదే. దాన్ని ఇంకోసారి వినిపించడానికి ఇది రాయడం లేదు. చచ్చినవాడు లేచి రావడంతో నాకు పేచీ లేదు. కథలో ఎగిరే మనుషుల్ని ఒప్పుకున్నవాణ్ణి, లేచొచ్చే మనుషుల్ని ఒప్పుకోలేనా? నా పేచీ బతికున్నవాళ్ళ తరఫున. ఒక పాత్ర చనిపోయినప్పుడు మిగిలినవాళ్ళకి ఏదో ఒకటి సంక్రమిస్తుంది. దుఃఖం కావచ్చు, అపరాధభావం కావచ్చు, ఒక బాధ్యత కావచ్చు. పోయినవాడు తిరిగొచ్చేటప్పుడు అవన్నీ వాళ్ళ చేతుల్లోంచి లాక్కుంటున్నారు. దాని గురించి ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే అందరి చూపూ లేచొచ్చినవాడి మీదే ఉంటుంది.

ముందుగా అందరికీ తెలిసిన చావు. 1992 నవంబర్లో డీసీ వాళ్ళు సూపర్‌మ్యాన్‌ని చంపారు. నిజానికి ఆ సమయానికి క్లార్క్, లోయిస్‌ల పెళ్ళి జరగాలి. టీవీలో వాళ్ళిద్దరి మీదే ఒక సీరియల్ రాబోతోందనీ, పెళ్ళి రెండుచోట్లా ఒకేసారి జరిగితే బావుంటుందనీ పెళ్ళిని వాయిదా వేశారు. ఖాళీ అయిన చోట ఏం పెట్టాలో తోచక చావు పెట్టారు. ఆ 75వ సంచికని నల్లటి కవర్లో మూసి, లోపల చేతికి కట్టుకునే నల్ల పట్టీ కూడా పెట్టి అమ్మారు. సంతాపం కూడా సరుకుతోపాటే వచ్చిందన్నమాట. జనం దుకాణాల ముందు వరసలు కట్టారు. ఒకటి చదవడానికి, ఒకటి దాచుకోవడానికి కొన్నవాళ్ళున్నారు. ఏడాది తిరిగేలోపు అతను వచ్చేశాడు. 1996లో టీవీలోనూ కామిక్స్‌లోనూ పెళ్ళి కూడా అయింది.

అయినా న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆ చావుకీ పునరాగమనానికీ మధ్య వచ్చిన అంత్యక్రియల కథలు బాగుంటాయి. క్లార్కే సూపర్‌మ్యాన్ అని కొద్దిమందికే తెలుసు కాబట్టి లోయిస్ అందరి ముందూ భోరున ఏడవలేదు. కాన్సస్ పల్లెలో ఉన్న పెంపుడు తల్లిదండ్రులు కొడుకు శవయాత్రని టీవీలో చూడాల్సి వచ్చింది, ఎందుకంటే అతను తమ కొడుకని లోకానికి చెప్పకూడదు. ఆ వృద్ధ దంపతులు టీవీ ముందు కూర్చున్న దృశ్యం డూమ్స్‌డేతో జరిగిన యుద్ధం మొత్తం కంటే బరువైనది. రాయగలిగినవాళ్ళకి రాయడం వచ్చు. కానీ ఆ బరువంతా తర్వాత ఏమైంది? అతను రాగానే దించేశారు, అంతే.

ఇక నాకు అన్నిటికంటే కోపం తెప్పించే ఉదాహరణ జీన్ గ్రే. 1980లో ‘ఎక్స్‌మెన్’ 137వ సంచిక. ఫీనిక్స్ శక్తి తలకెక్కిన జీన్ ఒక నక్షత్రాన్ని మింగేసింది. దాని చుట్టూ తిరిగే గ్రహం మీద ఐదువందల కోట్ల ప్రాణాలు పోయాయి. రచయిత క్రిస్ క్లేర్‌మాంట్, చిత్రకారుడు జాన్ బర్న్ ముందు అనుకున్న ముగింపులో జీన్ శక్తులు మాత్రమే పోతాయి, ప్రాణం ఉంటుంది. ప్రధాన సంపాదకుడు జిమ్ షూటర్ ఒప్పుకోలేదు. అంత నేరం చేసినదాన్ని అంత తేలిగ్గా ఇంటికి పంపడం కుదరదన్నాడు. దాంతో ముగింపు మార్చారు. చంద్రుడి మీద, ప్రేమించినవాడి కళ్ళముందే, జీన్ తన ప్రాణం తానే తీసుకుంది. మళ్ళీ ఆ శక్తికి లొంగిపోతానేమోనని భయపడి తీసుకున్న నిర్ణయం అది. సూపర్‌హీరో కథల్లో ఒక మనిషి తను చేసినదానికి ఇంత పూర్తిగా బాధ్యత తీసుకున్న సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

ఆరేళ్ళు గడిచాయి. 1986లో ‘ఎక్స్‌ఫ్యాక్టర్’ అని కొత్త పత్రిక పెట్టాలనుకున్నారు. దానికి మొదటి ఐదుగురు ఎక్స్‌మెన్ కావాలి, అందులో జీన్ ఉంది. ఎలా? న్యూయార్క్ దగ్గర జమైకా బే అడుగున ఒక గూడులో అసలు జీన్ ఇన్నాళ్ళూ నిద్రపోతూ ఉందని తేల్చారు. నక్షత్రాన్ని మింగింది ఆమె కాదు, చంద్రుడి మీద చనిపోయిందీ ఆమె కాదు. ఆమె రూపం ఎత్తిన ఫీనిక్స్ చేసిందట అదంతా.

ఇందులో దారుణం చూడండి. జీన్ ప్రాణం తిరిగిచ్చారు, బదులుగా ఆమె చేసిన ఒకే ఒక పెద్ద పనిని ఆమె పేరు మీదనుంచి కొట్టేశారు. నేరమూ పోయింది, ప్రాయశ్చిత్తమూ పోయింది. ఆ గ్రహం మీది ఐదువందల కోట్ల మందిని మాత్రం ఎవరూ ఏ గూట్లోంచీ బయటికి తీయలేదు.

అక్కడితో ఆగలేదు. ఈలోగా ఆమె ప్రేమికుడు స్కాట్ దుఃఖం దిగమింగుకుని మ్యాడలిన్ అనే ఆవిణ్ణి పెళ్ళి చేసుకున్నాడు, ఒక కొడుకు పుట్టాడు. జీన్ బతికే ఉందన్న కబురు రాగానే భార్యనీ చంటిపిల్లాణ్ణీ వదిలేసి వెళ్ళిపోయాడు. హీరో ఇలా చేస్తే ఎలా అని పాఠకులు అడగకుండా ఉంటారా? దానికి రచయితలు వెతుక్కున్న సమాధానం: మ్యాడలిన్ అసలు మనిషే కాదు, జీన్‌కి తీసిన నకలు. తర్వాత ఆవిణ్ణి దుష్టురాల్ని చేసి చంపేశారు. ఒకర్ని బతికించడం కోసం, ఆ చావు తర్వాత ధైర్యం చేసి కొత్తగా బతుకు మొదలుపెట్టినవాళ్ళని నకిలీలని తేల్చారు. భార్య పోయాక మళ్ళీ పెళ్ళి చేసుకున్న మనుషులు మన చుట్టూ ఎంతమంది లేరు? ఆ రెండో సంసారం అబద్ధం అని వాళ్ళ మొహాన అనగలమా?

ఫ్లాష్ కథా ఇంతే. 1985లో ‘క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ అర్త్స్’లో బ్యారీ అలెన్ విశ్వాన్ని కాపాడుతూ పరిగెత్తి పరిగెత్తి అణువణువూ రాలిపోయాడు. శిష్యుడు వాలీ వెస్ట్ ఆ దుస్తులు వేసుకున్నాడు. గురువుతో పోల్చుకుని కుంగిపోయే కుర్రాడు ఇరవై ఏళ్ళపాటు నెలనెలా మన ముందే ఎదిగాడు, పెళ్ళి చేసుకున్నాడు, తండ్రయ్యాడు. సూపర్‌హీరో కామిక్స్‌లో ఒక మనిషి నిజంగా పెద్దవాడవడం చూడాలంటే వాలీని చూడాలి. 2008లో బ్యారీని తెచ్చారు. 2011లో కంపెనీ మొత్తం ప్రపంచాన్ని రీస్టార్ట్ చేసినప్పుడు వాలీయే లేడు, భార్యాపిల్లలూ లేరు. ఐదేళ్ళ తర్వాత అతన్ని వెనక్కి తెచ్చిన కథలో, తనని గుర్తుపట్టేవాళ్ళ కోసం వెతుక్కుంటూ తిరుగుతాడు. రాసినవాళ్ళకి తెలిసే రాశారో లేదో గానీ, తిరిగొచ్చిన మృతుడు బతికున్నవాడికి చేసే అన్యాయానికి ఇంతకంటే సూటి వర్ణన నాకు దొరకలేదు.

ఇలా అంటుంటే మిత్రులు ఎప్పుడూ ఒక వాదన తెస్తారు. “ఇవి ఆధునిక పురాణాలు బాబూ. మన పురాణాల్లో మాత్రం చచ్చినవాళ్ళు లేవలేదా?”

లేచారు. కానీ ఎలా లేచారో చదివారా అని అడుగుతాను. ఆదిపర్వంలో కచుడి కథ తీసుకోండి. మృతసంజీవని విద్య కోసం శుక్రాచార్యుడి దగ్గర శిష్యుడిగా చేరిన కచుణ్ణి రాక్షసులు చంపి, కాల్చి, ఆ బూడిదని మద్యంలో కలిపి గురువు చేతే తాగించారు. దేవయాని అన్నం మానేసి ఏడుస్తుంటే శుక్రుడికి విషయం అర్థమైంది. శిష్యుడు బయటికి రావాలంటే గురువు పొట్ట చీలాలి. కడుపులో ఉన్నవాడికే మంత్రం నేర్పి, తను చచ్చి, ఆ శిష్యుడి చేతే మళ్ళీ లేచాడు. తర్వాత దేవయాని పెళ్ళి చేసుకోమంటే, నీ తండ్రి కడుపులోంచి పుట్టాను, నీకు సోదరుణ్ణి అన్నాడు కచుడు. ఆమె శపించింది, అతనూ శపించాడు. రాక్షసులకి మాత్రమే సొంతమైన విద్య శత్రువుల పాలైంది. ఒక్క మనిషి లేచొచ్చినందుకు ఒక ప్రేమ, ఒక రహస్యం, ఒక యుద్ధంలో పైచేయి, ఇన్ని పోయాయి. ప్రతిదానికీ ఎవరో ఒకరు మూల్యం కట్టారు, కట్టినట్టు కథ ఒప్పుకుంది కూడా. పురాణం పేరు వాడుకోవాలంటే ఆ లెక్కలు కూడా రాయాలి మరి.

కామిక్స్‌లో ఆ లెక్క రాసినవాళ్ళు లేకపోలేదు. 1988లో రెండో రాబిన్ జేసన్ టాడ్ బతకాలా చావాలా అని పాఠకుల చేత ఫోన్ ఓట్లు వేయించారు, కాల్‌కి యాభై సెంట్లు. చావాలని 5,343, బతకాలని 5,271. డెబ్బై రెండు ఓట్ల తేడాతో ఒక పిల్లాణ్ణి చంపారు. 2005లో అతన్ని లేపడానికి చెప్పిన కారణం (ఇంకో లోకపు సూపర్‌బాయ్ ఎక్కడో వాస్తవపు గోడని గుద్దితే ఇక్కడ ఇతను లేచాడట) తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. కానీ జడ్ విన్నిక్ రాసిన ఆ కథలో లేచొచ్చిన జేసన్ బ్యాట్‌మ్యాన్‌ని ఒకే ప్రశ్న అడుగుతాడు: నన్ను చంపిన జోకర్ ఇంకా ఎందుకు బతికున్నాడు? బ్యాట్‌మ్యాన్ దుఃఖాన్ని అతను లాక్కోలేదు. ఇన్నేళ్ళూ ఆ దుఃఖాన్ని ఏం చేశావని నిలదీశాడు. కారణం చెత్తదైనా ఆ పునర్జన్మ నాకు సమ్మతమే.

అలాగే 2019లో జొనాథన్ హిక్‌మన్ ఎక్స్‌మెన్ చావుని ఏకంగా ఒక వ్యవస్థగా మార్చాడు. ఐదుగురు మ్యూటెంట్లు కలిసి కొత్త శరీరం తయారుచేస్తారు, సెరిబ్రో అనే యంత్రంలో దాచిన మనసుని అందులో నింపుతారు. నేను ఉద్యోగంలో చేసేది సరిగ్గా ఇదే పని: సర్వర్ పోతే బ్యాకప్ నుంచి లేపడం. అందుకే ఆ కథలోని అసలు మెలిక నాకు వెంటనే తగిలింది. ఆఖరి బ్యాకప్‌కీ క్రాష్‌కీ మధ్య జరిగింది తిరిగి రాదు. లేచినవాడికి తన చావు గుర్తుండదు, పక్కనున్నవాళ్ళకి మాత్రం గుర్తుంటుంది. అక్కడ ఒక గొప్ప నవల ఉంది. దాన్ని కొన్ని సంచికల్లో తడిమారు, తర్వాత యుద్ధాల్లో పడి మర్చిపోయారు. నాలుగేళ్ళకి అదే యంత్రాంగంతో కమలా ఖాన్‌ని రెండు నెలల్లో లేపి సినిమా సమయానికి అందించారు.

“ఇది వ్యాపారం, పాత్రలు కంపెనీవి, రేపటి పిల్లలకి కూడా బ్యాట్‌మ్యాన్ కావాలి కదా” అంటారా? నిజమే, కావాలి. అయితే చంపకండి. ఎవరూ బలవంతపెట్టలేదు. చంపే స్తోమత లేనివాడు అంత్యక్రియలకి టికెట్లు అమ్మకూడదు. అమ్మితే, ఆ ఏడ్చినవాళ్ళకి ఏదో ఒకటి మిగల్చాలి.

ఇంత ఆవేశం నాకెందుకో కూడా చెప్పాలి. 2016లో మా నాన్నకి కీమో జరుగుతున్నప్పుడు మంచం పక్కన కూర్చుని ట్యాబ్‌లో జిమ్ స్టార్లిన్ 1982లో చేసిన ‘ద డెత్ ఆఫ్ కెప్టెన్ మార్వెల్’ చదువుతున్నాను. స్టార్లిన్ తండ్రి క్యాన్సర్‌తో పోయారు, పుస్తకంలో హీరోకి వచ్చిందీ క్యాన్సరే. ఎప్పుడో ఒక పోరాటంలో పీల్చిన విషవాయువు వల్ల వచ్చింది. భూమ్మీది మేధావులైన హీరోలందరూ కలిసి మందు వెతికి ఓడిపోతారు. చివరికి అందరూ మంచం చుట్టూ చేరతారు, ఏం మాట్లాడాలో ఎవరికీ తెలియదు. ఒకప్పటి శత్రుజాతివాళ్ళు కూడా వచ్చి పతకం ఇచ్చి వెళ్తారు. యుద్ధం లేదు, పేలుడు లేదు. మంచం మీద ఒక మనిషి పోతాడు.

“ఏం బొమ్మల పుస్తకంరా అది?” అన్నారు నాన్న. చెప్పాను. హీరోకి జబ్బు చేసిందని కూడా చెప్పాను, ఏ జబ్బో చెప్పలేదు. “చివరికి బతుకుతాడా?” అన్నారు.

“వీళ్ళందరూ బతుకుతారు నాన్నా” అన్నాను.

మిగతా ఏ పుస్తకం చదువుతున్నా అది నిజమయ్యేది. ఆ ఒక్క పుస్తకం విషయంలో అబద్ధం. ఈ నలభై ఏళ్ళలో వాళ్ళు ఆ మార్‌వెల్‌ని ఒకటి రెండుసార్లు లేపబోయి మళ్ళీ పడుకోబెట్టారు గానీ, స్టార్లిన్ రాసిన ఆ చావుని చెరిపేసే సాహసం మాత్రం పూర్తిగా చేయలేకపోయారు. నాన్న ఆ మాటకి తలూపి అటు తిరిగి పడుకున్నారు. నమ్మారో లేదో నాకు తెలియదు. ఆయన పోయి ఇన్నేళ్ళయ్యాక ఆ పుస్తకం మళ్ళీ తీసి చూస్తే, నాకు తోడుగా నిలబడ్డది ఆ మంచం చుట్టూ ఏం చేయాలో తెలియక నిలబడ్డ హీరోలే. వాళ్ళ దుఃఖాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేదు కాబట్టే నాది అక్కడ పెట్టుకోగలిగాను.

కమలా ఖాన్ చనిపోయినప్పుడు కూడా ఎక్కడో ఒక పదమూడేళ్ళ పిల్ల నిజంగానే ఏడ్చి ఉంటుంది. రెండు నెలల తర్వాత, అనవసరంగా ఏడ్చానే అనుకుని సిగ్గుపడి ఉంటుంది. ఇంకోసారి ఏడవదు. నవ్వే బొమ్మ పెడుతుంది.