శనివారంనాటి పాట

డెన్వర్‌లో మా మేనల్లుడి ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి ఉండేది. పెన్సిల్‌తో రాసిన పాటల పేర్లు, కొట్టివేతలు, పక్కన అంకెలు, కొన్ని పేర్ల మధ్య బాణం గుర్తులు. నేనున్న వారంలో అది రోజుకోసారైనా మారింది. శనివారం రెడ్ రాక్స్ ఆరుబయలు రంగశాలలో గ్రీన్‌స్కై బ్లూగ్రాస్ కచేరీ. ఏ పాట ముందు ఎత్తుకుంటారో వాడూ వాడి స్నేహితులూ ముందే ఊహిస్తున్నారు. అంకె అంటే ఆ పాట వాయించి ఎన్ని కచేరీలైందో ఆ లెక్క. బాణం ఉంటే పాట ఆగకుండా ఇంకో పాటలోకి జారుతుందని అర్థం.

“పోయినేడూ వెళ్లావు కదరా, అవే పాటలు కదా?” అన్నాను.

“పాటలు అవే మావయ్యా. శనివారంనాటిది మాత్రం ఇంకా ఎవరూ వినలేదుగా!”

ఆ మాట నన్ను వదల్లేదు.

గ్రీన్‌స్కై వాళ్లు ఐదుగురు. 2000లో మిషిగన్ రాష్ట్రం కలమజూలో మొదలైన బృందం. గిటార్, బాంజో, మాండలిన్, డోబ్రో, బేస్. డ్రమ్స్ లేవు. మాండలిన్ వాద్యకారుడు తీగలు మోగకుండా పట్టి, దెబ్బకూ దెబ్బకూ మధ్య ‘చక్’మని కొడుతుంటే అదే తాళమవుతుంది. ఆ ఒడుపు బ్లూగ్రాస్ అనే సంగీతశైలికి ఆద్యుడైన కెంటకీ మాండలిన్ విద్వాంసుడు బిల్ మన్రో నుంచి వచ్చింది. 1945 చివర్లో ఎర్ల్ స్క్రగ్స్ తన మూడువేళ్ల బాంజోతో ఆయన దగ్గర చేరాక ఆ సంగీతానికి ఇప్పటి రూపం కుదిరింది. అందులో పాట మూడు నాలుగు నిమిషాలే. గ్రీన్‌స్కై లాంటి జామ్ బ్యాండ్ చేతిలో అదే పాట పావుగంట సాగొచ్చు. చరణాలు పాడేశాక ఒకరు చిన్న స్వరాల వరసను పట్టుకుని కూర్చుంటారు, మిగతావాళ్లు దాని చుట్టూ అల్లుకుంటూ పోతారు. ఎక్కడ తేలతారో వాళ్లకీ అప్పుడే తెలుస్తుంది.

జామ్ బ్యాండ్లకు దారి చూపిన గ్రేట్‌ఫుల్ డెడ్ బృందానికి ప్రాణమైన జెర్రీ గార్సియా కూడా మొదట బాంజో పట్టినవాడే. ఇంకా పేరు రాని 1964లో మిత్రుడితో కలిసి కాలిఫోర్నియా నుంచి కారులో బయల్దేరి, బ్లూగ్రాస్ కచేరీలు టేపు మీద రికార్డు చేసుకుంటూ తిరిగాడు. మన్రో బృందంలో చేరాలని ఆశ. దగ్గరదాకా వెళ్లి, అడగడానికి నోరు రాక వెనుదిరిగాడు. సరిగ్గా ఇరవై ఏళ్లకు, 1984లో, డెడ్ కచేరీల్లో రికార్డు చేసుకునే అభిమానులకు విడిగా చోటు ఇచ్చారు. టేపు పట్టుకు తిరిగినవాడి బృందమే టేపు పట్టేవాళ్లకు చోటిచ్చింది. నాకు ఆ రెండు సంగతులూ ఒకే కథలా కనిపిస్తాయి.

మాండలిన్ మనకూ పరాయిది కాదు. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ గమకం పలకడానికి వీలుగా ఎలక్ట్రిక్ మాండలిన్ చేపట్టి, జంట తీగల బదులు ఐదు విడి తీగలు బిగించుకున్నారు. ఆయన కచేరీకి వెళ్లినవాళ్లకు కీర్తన తెలుసు. స్వరకల్పన ఇవాళ ఎటు పోతుందా అని చెవులు రిక్కించి కూర్చునేవాళ్లు. పద్యనాటకం చూడటానికి బండి కట్టుకుని వచ్చిన రైతుకూ పద్యం కంఠతా వచ్చు. నటుడు రాగం ఎంతదూరం లాగుతాడో చూడాలి, నచ్చితే ‘వన్స్‌మోర్’ కొట్టాలి. అందుకే వచ్చేవాడు.

ఇవాళ మన సినిమా పాటల కచేరీల్లో ఆ ఆత్రం తగ్గిపోతోంది. ఒక్క సంగతి మారిస్తే “రికార్డులో అలా లేదే” అంటున్నాం. ఆ మాట విన్న గాయకుడు మరోసారి సాహసం చేయడు. శ్రోత ఏం కోరి వస్తాడో కళాకారుడు చివరికి అదే ఇస్తాడు. కనుక మార్పు మనతోనే మొదలు కావాలి. తెలిసిన పాట తెలియని దారిలో వెళ్తే తోడు వెళ్లడం, దారి తప్పినా ఓపిక పట్టడం శ్రోతగా మన వంతు.

శనివారం సాయంత్రం వాడితో నేనూ వెళ్లాను. రెండు పెద్ద ఎర్ర బండల మధ్య, 1941 నుంచీ ఉన్న ఆ మెట్ల మీద దాదాపు 9,500 మంది పడతారు. తీగలు శ్రుతి చేస్తున్న చప్పుడుకే జనం లేచి నిలబడ్డారు. మొదటి పాట అందుకున్నారు. అది మావాడి కాగితంలో లేనే లేదు. వాడు నా భుజం పట్టుకుని కుదిపేస్తూ, “చూశావా మావయ్యా, తప్పింది!” అని ఆనందంగా అరిచాడు.