తల్లి ఎక్కడికీ పోలేదు

గతవారం ఢిల్లీ నుంచి కలకత్తా వెళ్ళి, అక్కడినుంచి బెజవాడకు కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కవలసి వచ్చింది. 2022 జనవరి నుంచి ఆ బండి హౌరాకు బదులు, హుగ్లీ నదికి అదే ఒడ్డున ఉన్న షాలిమార్‌లో బయలుదేరుతున్నది. ప్లాట్‌ఫారం మీద ఒక పిల్లవాడు తల్లి కొంగు వదలి కొళాయి వైపు పరుగెత్తాడు. "ఒరే, ఆగరా!" అని ఆమె కేక వేసింది. చుట్టూ ఉన్నవారికి ఆ మాట అర్థమైనట్లు లేదు. నాకు 2016లో వచ్చిన "లయన్" చిత్రం గుర్తుకు వచ్చింది.

అది జరిగిన కథ. 1986లో ఐదేళ్ళ సరూ అన్న వెంట బుర్హాన్‌పూర్ స్టేషనుకు వచ్చి, ఖాళీ రైలుపెట్టెలో నిద్రపోయి, సుమారు 1,500 కిలోమీటర్ల దూరాన హౌరాలో తేలాడు. వాడికి వచ్చినది హిందీ, ఊరిది బెంగాలీ. ఖండ్వాలోని గణేశ్ తలాయి పేట పేరు వాడి నోట "గినెస్ట్‌లే" అయింది. షేరు అనే తన పేరే సరూగా మారింది. మరుసటి ఏడు ఆస్ట్రేలియా దంపతులు దత్తత తీసుకున్నారు. బాలుడిగా సన్నీ పవార్ నటన అపూర్వం. ద్వితీయార్ధంలో కంప్యూటర్ ముందు నాయకుడి దిగులును మాత్రం కొంత సాగదీశారు.

దీనిని తల్లి దూరమైన బిడ్డ కథ అంటారు. నాకు అభ్యంతరం అక్కడే. కూలిపని చేసుకునే ఆ తల్లి బిడ్డ తిరిగివస్తాడని ఆ పేట విడిచి వెళ్ళలేదు. ఆమెను అదృశ్యం చేసినది మన యంత్రాంగం. కలకత్తా పత్రికలలో ఫొటో వేయించామని చిత్రంలో ఒక పాత్ర అంటుంది. ఆ పత్రిక ఖండ్వాలో ఇటుకలు మోసే స్త్రీ చేతికి ఎట్లా అందుతుంది?

బాలల న్యాయ చట్టాన్ని పార్లమెంటు ఆమోదించినది కూడా ఆ 1986లోనే. తప్పిపోయిన ప్రతి పిల్లవాడి విషయంలోనూ పోలీసులు కేసు నమోదు చేసి తీరాలని సుప్రీంకోర్టు ఆదేశించడానికి 2013 రావలసి వచ్చింది. అప్పటికి ఏడాది ముందే, 2012లో, గూగుల్ ఎర్త్ పటంలో రైలుపట్టాల వెంట వెదికి వెదికి సరూ తన ఇల్లు తానే చేరుకున్నాడు. ఒక విదేశీ కంపెనీ పటం చేసిన పనిని రెండు రాష్ట్రాల పోలీసులు చేయలేకపోయారు.

ఇప్పుడు పరిస్థితి మెరుగుపడలేదనను. 1098 నంబరు ఉన్నది, పోర్టళ్ళు ఉన్నవి. దుబాసీల సహాయం తీసుకొమ్మని 2016 నాటి నియమావళి కూడా చెబుతున్నది. అయితే తెలుగు తప్ప మరేమీ రాని పిల్లవాడు అర్ధరాత్రి షాలిమార్‌లో దొరికితే ఆ దుబాసీ ఎంతసేపటికి వస్తాడు? మన లోక్‌సభ సభ్యులలో ఎవరైనా రైల్వే మంత్రిని ఈ ప్రశ్న అడిగితే, గ్యాలరీలో కూర్చుని సమాధానం వినాలని ఉన్నది.