సోషియాలజీ పట్టాకు మిత్తి ఎవరు కడుతున్నరు?

డిగ్రీలో సోషియాలజీ తీసుకున్న పిల్లవాడిని ఊర్లో ఎదురుపడ్డ ప్రతి ఒక్కరూ ఒకటే అడుగుతరు: "దాంతోని ఏం కొలువొస్తది బిడ్డా?" అడిగేవాళ్లను తప్పు పట్టలేం. వాళ్లకు తెలిసింది ఇంజనీరింగు లెక్క. ఫీజు ఇంత, ప్యాకేజీ ఇంత. ఆ తూకంలో పెడితే సోషియాలజీ పట్టా తేలిపోతుంది. కానీ ఈ పట్టాకు అయ్యే అసలు ఖర్చు చదివే రోజుల్లో కనబడదు. చదువు అయిపోయిన తెల్లారి నుంచి మొదలవుతుంది.

సర్కారు కాలేజీలో బీఏ, యూనివర్సిటీలో ఎంఏ ఫీజులు ఇంజనీరింగు ముందు లెక్కలోకి రావు. పైగా ఉమ్మడి రాష్ట్రంలో 2008లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంటు ఉన్నది. కాగితం మీద చూస్తే పేదింటి బిడ్డకు అప్పే లేదు. మరి ఆ ఇంటి మీద అప్పు ఎక్కడి నుంచి వచ్చింది?

అశోక్‌నగర్ నుంచి వచ్చింది. పట్టా చేతికొచ్చినవాడు బ్యాగు సర్దుకొని అక్కడికో, దిల్‌సుఖ్‌నగర్‌కో చేరుతడు. రూముకు, మెస్సుకు, కోచింగుకు, పుస్తకాలకు నెలకు ఎనిమిది వేలు అనుకుందాం. పొద్దంతా చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చొని, మధ్యాహ్నం ఐదు రూపాయల భోజనంతో సరిపెట్టుకున్నా అంతకు తగ్గడం కష్టం. ఏడాదికి 96 వేలు, దరిదాపు లక్ష. ఆ లక్ష బ్యాంకు ఇవ్వదు. ఊర్లో షావుకారి ఇస్తడు, నూటికి రెండు రూపాయల మిత్తికి. ఏడాదికి మిత్తే 24 వేలు. ప్రతి ఏడాది మొదట్ల లక్ష చొప్పున మూడేండ్లు తెస్తే అసలు మూడు లక్షలు, మిత్తి లక్షా 44 వేలు. మిత్తికి మిత్తి కలపకుండనే ఇది. ఎంఏ రెండేండ్ల ఖర్చు దీని పక్కన పెట్టి చూడండి.

మూడేండ్లు ఎందుకు కూర్చుంటున్నరని అడిగే పెద్దమనుషులకు తేదీలే జవాబు. గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబరులో వచ్చింది. 783 కొలువులు. వాయిదాల మీద వాయిదాలు పడి పరీక్ష జరిగింది 2024 డిసెంబరులో. గ్రూప్-1 కథ ఇంకా ఘోరం. 2022 అక్టోబరులో రాసిన ప్రిలిమ్స్ పేపరు లీకేజీతో రద్దయింది. 2023 జూన్‌లో రాసింది హైకోర్టులో కొట్టుకుపోయింది. 2024 జూన్‌లో ముచ్చటగా మూడోసారి రాసిండ్రు. ఒకవేళ ఎవరికైనా బ్యాంకు విద్యారుణం దొరికిందే అనుకున్నా, కోర్సు అయిపోయిన ఏడాదికి వాయిదాలు కట్టుడు షురూ. ఒక్క గ్రూప్-2 పరీక్షకే నోటిఫికేషన్ నుంచి రెండేండ్లు పట్టింది. గద్దె మీద ఎవరున్నా ఈ రెండు క్యాలెండర్లు కలవలేదు.

సంపాదన వైపు చూద్దాం. యూనివర్సిటీలో రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు మూలవేతనమే 57,700. జేఆర్‌ఎఫ్ కొట్టినవాళ్లకు 2023 జనవరి నుంచి నెలకు 37 వేలు. ఈ అంకెలు చూస్తే సోషియాలజీ దండగ చదువని ఎవరనగలరు? కాకపోతే ఆ తలుపు లోపలికి పోయేది కొద్దిమంది. మిగిలినవాళ్లకు గెస్టు కొలువు. పీరియడుకు 1,500, నెలకు 50 వేలకు మించకుండా ఇవ్వాలని యూజీసీ 2019లోనే చెప్పింది. చాలామంది గెస్టు లెక్చరర్లకు ఆ 50 వేలు కలలో కనబడే అంకె. ఎండాకాలం సెలవులు వస్తే ఆ వచ్చేది కూడా బంద్. ఎన్జీవో ప్రాజెక్టులు ఉంటయి, ప్రాజెక్టుతో పాటే అయిపోతయి.

ఈ సబ్జెక్టు అక్కరలేని రాష్ట్రమా మనది? ఉస్మానియాలో పనిచేసిన ఎస్.సి. దూబే హైదరాబాదు పక్కనున్న శామీర్‌పేట బతుకును పరిశీలించి 1955లో 'ఇండియన్ విలేజ్' రాసిండ్రు. రాష్ట్రం వచ్చిన రెండు నెలలకే, 2014 ఆగస్టు 19న, సమగ్ర కుటుంబ సర్వే అని ఒక్కరోజే ఊరూవాడా తలుపులు కొట్టిండ్రు. 2024 నవంబరులో మళ్లీ ఇంటింటి కులసర్వే. దానికి బడులు ఒంటిపూట చేసి మరీ టీచర్లను దించిండ్రు. ఇంటికి పోయి మనిషిని ఎట్ల అడగాలె, వచ్చిన జవాబును ఎట్ల చదవాలె అన్నది రెండేండ్లు నేర్చుకున్నవాళ్లేమో అశోక్‌నగర్‌లో బిట్లు బట్టీ పడుతున్నరు. మండలానికి ఇద్దరు సోషియాలజీ పట్టభద్రులను పర్మినెంటుగా పెడితే ఖజానా మునిగిపోదు. బడిపిల్లల చదువూ ఆగదు. నియామకాల కోసం కొట్లాడిన నేల మీద ఈ మాట అడగడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

ఇక బకాయిల సంగతి. ఫీజు పైసలు విడుదల చేయాలని 2024 అక్టోబరులో ప్రైవేటు డిగ్రీ, పీజీ కాలేజీలు బంద్ పెట్టినయి. 2025 నవంబరులో మళ్లీ బంద్. మేనేజ్‌మెంట్ల కష్టం కాదనలేం, జీతాలివ్వాలె కదా. అయితే నడుమ నలుగుతున్నది విద్యార్థి. "ఫీజు కట్టు, మెమో తీసుకపో" అని కౌంటరు దగ్గర తిప్పి పంపుతున్నరు. డీఏ బకాయి ఆగితే ఎట్లుంటదో ఉద్యోగ మిత్రులకు చెప్పాల్సిన పని లేదు. ఇక్కడైతే బాకీ పడింది సర్కారు, తాకట్టులో ఉన్నది పిల్లవాడి కాగితాలు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపుకోవద్దని యూజీసీ 2018లోనే ఆదేశించింది. ఆదేశం ఆదేశంగానే ఉన్నది.

సర్కారు చేయాల్సింది రెండు పనులు. బకాయి ఏ నెలకు ఎంత తీరుస్తరో తేదీలతో ప్రకటించాలె. 2024 ఆగస్టు 2న అసెంబ్లీలో పెట్టిన జాబ్ క్యాలెండర్ వంటిది ఏది ప్రకటించినా, తేదీ తప్పితే జవాబు చెప్పే అధికారి పేరు కూడా అందులో రాయాలె.

తల్లిదండ్రులకు ఒక మాట. అడ్మిషన్‌కు పోయినప్పుడు ఫీజు ఎంత అని అడిగే ముందు, సర్కారు పైసలు రాకపోతే మెమో ఆపుతరా అని ప్రిన్సిపాల్‌ను అడగండి. ఆపమంటే, ఆ మాటే కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇమ్మనండి.