నొప్పి లేని గాయం

ఉప్పల్ క్రికెట్ స్టేడియం దీపాలను చూస్తూ పెరిగే పిల్లలకు బంతి విసరడమంటే ప్రాణం. ఆటోడ్రైవరు కుమారుడైన ముహమ్మద్ సిరాజ్ భారత జట్టులో చేరిన తరువాత మన బస్తీలలో ఆ ఆశ మరింత పెరిగింది. ఆశ మంచిదే. అయితే ఆ భుజాన్ని నడిపే నరాల గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడుకోరు.

మెడ నుండి బయలుదేరే నరాలలో ఒకటి రెక్క ఎముక పైఅంచున ఉన్న గంటు గుండా సాగి, వెనుకవైపు మలుపు తిరిగి, చేతిని బయటికి తిప్పే కండరాన్ని చేరుతుంది. చేయి తలపైకెత్తి బలంగా విసిరినప్పుడల్లా, స్మాష్ కొట్టినప్పుడల్లా ఆ మలుపు వద్ద నరం లాగబడుతుంది. 1985 యూరోపియన్ వాలీబాల్ పోటీలలో 96 మంది ఆటగాళ్లను వైద్యులు పరీక్షించగా 12 మందికి ఆ కండరం చచ్చుబడి ఉంది. విచిత్రమేమంటే, ఆ లోపం ఉన్నట్లు వారికే తెలియదు! మలుపు దాటేసరికి నొప్పిని మోసే పోగులు చాలావరకు విడిపోయి ఉంటాయి. అందుకే కండరం కరిగిపోతున్నా బాధ తెలియదు.

కనుక అబ్బాయి చొక్కా విప్పినప్పుడు ఒకసారి వెనుక నుండి చూడండి. ఆడే చేతి వైపు రెక్క ఎముకపై గుంట పడిందా? తక్బీరు కోసం చేతులెత్తేటప్పుడు ఒకటి వెనుకబడుతున్నదా? రెండు అరచేతులతో గోడను నెట్టమంటే రెక్క ఎముక పైకి లేచి నిలుస్తున్నదా? చివరిది వేరొక నరం దెబ్బతిన్న గుర్తు.

ఫీల్డింగులో పడి భుజం జారడం మరో సంగతి. అప్పుడు భుజం కింద, చేతి బయటి వైపు తిమ్మిరి పుడితే, చేయి పక్కకు లేవకపోతే, కీలును చుట్టి వెళ్లే నరం దెబ్బతిని ఉండవచ్చు. మైదానంలోనే చేయి పట్టి లాగి కూర్చోబెట్టే స్నేహితులను దయచేసి వారించండి. మర్దన కూడా వద్దు.

నరాల పరీక్ష గాయమైన మూడు వారాల తరువాతే సరిగా ఫలితమిస్తుంది. కొందరిలో నీటితిత్తి నరాన్ని నొక్కుతుంది, అది ఎం.ఆర్.ఐ.లో కనబడుతుంది. చాలామంది విశ్రాంతితో, వ్యాయామ చికిత్సతో కోలుకుంటారు. తెగిన నరం మాత్రం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరే పెరుగుతుంది. మూడు నుండి ఆరు నెలలలో కదలిక జాడ లేకపోతే శస్త్రచికిత్స గురించి నిపుణుడిని అడగాలి. ఆపై జాప్యం చేస్తే కండరం తిరిగి రాకపోవచ్చు.

ఇ.ఎస్.ఐ. కార్డు ఉన్న కార్మిక కుటుంబాలకు నాచారంలోనే ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉంది. కార్డులో అబ్బాయి పేరు చేర్చారో లేదో ఈరోజే చూసుకోండి.