టేపు పోయింది, తాళం పోలేదు

మెయిన్‌ఫ్రేమ్ అనగానే గిరగిరా తిరిగే టేపులే గుర్తొస్తాయి చాలామందికి. ఆ రోజులు పోయాయి బాబూ! జెడ్/ఓఎస్ ఇప్పుడు ఇంటర్నెట్‌లోనే వస్తుంది. ఐబీఎం వాళ్ళ షాప్‌జెడ్‌లో ఆర్డరు పెడితే, సర్వర్‌ప్యాక్ సిద్ధమని మెయిలొస్తుంది, దింపుకోవడమే. 2021లో వెర్షన్ 2.5 వచ్చాక దాన్ని బ్రౌజర్లో నడిచే జెడ్/ఓఎస్ఎంఎఫ్‌తో ఎక్కించే పద్ధతి కూడా వచ్చింది. "చూశావా, ఎంత తేలికైపోయిందో!" అని మా ప్రాజెక్టులో ఒకాయన తెగ మురిసిపోతుంటే ఒళ్ళు మండి ఈ టపా రాస్తున్నా.

తేలికైంది ఎవరికండీ? కస్టమర్ నంబరు ఉన్నవాడికి. నేర్చుకునేవాడికి కాదు.

నా సంగతే చెప్తా. ఇంజనీరింగ్ అయ్యాక అమీర్‌పేటలో మెయిన్‌ఫ్రేమ్స్ కోర్సులో చేరాను. కోబాల్, జేసీఎల్, డీబీ2, సీఐసీఎస్. ఒక టీఎస్ఓ ఐడీ చేతిలో పెట్టారు. "సార్, అసలీ ఓఎస్ ఎలా ఎక్కిస్తారు?" అనడిగితే క్లాసంతా నవ్వింది. "అది సిస్టమ్స్ ప్రోగ్రామర్ల పని, నీకెందుకు?" అన్నారు సారు. అదే సమయంలో ఒరాకిల్ నేర్చుకుంటున్న మా రూమ్మేటు ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ ఉచితంగా దింపుకుని, పాత పీసీ మీద పదిసార్లు ఎక్కించి, పదిసార్లు పాడుచేసి నేర్చుకున్నాడు. వాడు డీబీఏ అయ్యాడు. నేను ఎవరో ఎక్కించిన సిస్టంలో, ఎవరో రాసిన కోబాల్‌కి మరమ్మతులు చేస్తున్నా.

ఇంతకీ అందులో అంత నేర్చుకోవాల్సిందేముంది అంటారా? ఫైళ్ళు దిగడం చిన్న ముక్క మాత్రమే. కొత్త జెడ్/ఓఎస్ ఎక్కించాలంటే ముందే నడుస్తున్న ఒక సిస్టం ఉండాలి, దాన్ని డ్రైవింగ్ సిస్టం అంటారు. పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు! (అది లేని కస్టమర్లకి ఐబీఎం చిన్న డ్రైవర్ సిస్టం ఒకటి ఇస్తుంది. మనం కస్టమర్లం కాదుగా.) డిస్కు వాల్యూములు చూసుకోవాలి, కేటలాగులు సరిచెయ్యాలి, ఐపీఎల్ చెయ్యాలి. ఆపైన ఎస్ఎంపీ/ఈతో కాపురం. పీటీఎఫ్‌లు రిసీవ్ చెయ్యాలి, అప్లై చెక్ కొట్టి చూడాలి, తర్వాత అప్లై, అన్నీ కుదురుకున్నాక యాక్సెప్ట్. హోల్డ్ ఎందుకు పెట్టారో చదవకుండా బైపాస్ చేస్తే ఏమవుతుందో పుస్తకం చదివితే రాదు. సిస్టం ఒకసారి లేవకుండా పడుకుంటే వస్తుంది.

"ఐబీఎం జెడ్ ఎక్స్‌ప్లోర్ ఫ్రీయేగా?" అంటారు. ఫ్రీయే, మంచిదే, నేనూ చేశాను. కానీ అది అద్దె గది. గోడకి మేకు కొట్టనివ్వరు, ఐపీఎల్ మాట దేవుడెరుగు. జెడ్‌డీటీ ఉందిగా అంటారు. అది డబ్బు పెట్టి కొనాలి, పైగా అందులో ముందే వండి పెట్టిన డిస్కులొస్తాయి.

ఇక మిగిలింది హెర్క్యులిస్. రోజర్ బౌలర్ 1999లో మొదలుపెట్టిన ఎమ్యులేటర్. మామూలు పీసీ మీద పాత ఎంవీఎస్ 3.8 హాయిగా నడుస్తుంది. నాకు ఎస్ఎంపీ అంటే ఏమిటో తెలిసింది దాని మీదే. ఆ ఔత్సాహికులకి దణ్ణం పెట్టాలి. కానీ ఎంవీఎస్ పుట్టింది 1974లో! హెర్క్యులిస్ మీద జెడ్/ఓఎస్‌కి లైసెన్సు ఇమ్మని టర్బోహెర్క్యులిస్ కంపెనీ అడిగితే ఐబీఎం ఇవ్వనంది. 2010లో వాళ్ళు యూరోపియన్ కమిషన్ దాకా వెళ్ళారు, 2011లో ఆ కేసు మూతపడింది. తాళం అలాగే ఉంది.

"వాళ్ళ సరుకు, వాళ్ళిష్టం" అనొచ్చు. ఒప్పుకుంటా. కానీ ఓ పక్క తలుపు మూసి, ఇంకో పక్క "కుర్రాళ్ళు మెయిన్‌ఫ్రేమ్ వైపు రావట్లేదు, పాతవాళ్ళు రిటైరైపోతున్నారు" అని ఏడిస్తే ఎలా? ఈత రానివాణ్ణి చెరువులో దిగనివ్వం అన్నట్టుంది.

నేనడిగేది గొంతెమ్మ కోరికేం కాదు. ఒక్క ప్రాసెసర్, కొద్దిపాటి మెమరీ, సపోర్టు లేదు, వ్యాపారానికి వాడకూడదు అన్న షరతులతో సర్వర్‌ప్యాక్ ఒకటి దింపుకోనివ్వండి. దాని మీద ఏ బ్యాంకూ నడవదు, ఐబీఎంకి ఒక్క రూపాయి నష్టం రాదు. కానీ అమీర్‌పేటలో ఎవడో ఒకడు రాత్రంతా కూర్చుని, పొద్దున్నకి ఐపీఎల్ చేసి ఎగిరి గంతేస్తాడు.

రేపు మీ బ్యాంకు సిస్టం లేవకపోతే లేపేది వాడే మరి!