ఆశా అక్క కూడా మనిషే

2020లో లాక్‌డౌన్ పెట్టి హాస్టల్ మూసేస్తే నేను ఊరికొచ్చేశాను. మా ఆశా అక్క మాత్రం కొండ మీది గూడేలకు రోజూ నడుస్తూనే ఉంది. పిల్లలకు అంటుతుందేమోనని రాత్రి పశువుల పాకలో పడుకునేది. నిద్ర పట్టేది కాదంట.

కేంద్రం నెలకు 1,000 రూపాయలు అదనంగా ఇచ్చింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశాలను సత్కరించింది. మంచిదే. కానీ "తిన్నావా అక్కా, భయమేస్తోందా?" అని ఊళ్లో మనమెవరం అడగలేదు. "ధైర్యంగా ఉండు" అన్నాం, అంతే. ఆ మాటతో అలసట పోదు కదా.

మళ్లీ అలాంటి రోగమొస్తే చదువుకున్న మనం ఇంట్లో కూర్చోకూడదు. ఇల్లిల్లూ తిరిగి జ్వరాలు రాసుకోవడం మనకూ వచ్చు. మనం వంతులేసుకుంటే అక్కకు వారానికి ఒక్కరోజైనా నిద్ర దొరుకుతుంది. మీ గూడెంలో ఎలా జరిగిందో రాయండి.