పెరటిలో పొగడ యేది?

ప్రతి సంవత్సరము ఉగాదినాడు మన సంఘభవనములందు జరుగు సభలన్నిటను ఒక్కటే విలాపము వినవచ్చును: మన పిల్లలకు తెలుగు రాకున్నది. వక్తలు కంట తడిపెట్టుదురు, శ్రోతలు తలలూపుదురు, అందరును పులిహోర తిని యిండ్లకు పోవుదురు. ఆ యిండ్ల ముంగిట ఏమున్నది? కుండీలలో క్రోటన్లు, గోడవెంట పేరు తెలియని అలంకారపు మొక్కలు, మిగిలినచోట సిమెంటు. తెలుగు పేరుతో పిలువదగిన చెట్టొక్కటియు లేని పెరటిలో తెలుగు మాట యెట్లు మొలకెత్తును? ఈ ప్రశ్న అప్రియమైనదే. అయినను అడుగక తప్పదు.

మేము చెప్పబూనిన విషయము చిన్నది. స్థలముగల ప్రతి తెలుగు కుటుంబమును పెరటిలో ఒక పొగడచెట్టును నాటవలెను. దానిని పొగడ యనియే పిలువవలెను.

పొగడ దక్షిణభారతమునకు సొంతచెట్టు. ఇప్పయు, మెక్సికోవైపునుండి వచ్చిన సపోటాయు దీని కుటుంబములోనివే. ఏడాది పొడుగున ఆకుపచ్చగా నిలిచి దట్టమైన నీడ నిచ్చును. నక్షత్రములవంటి చిన్న పూవులు రాత్రి విచ్చి వేకువకు నేలరాలును. కోయ నక్కరలేదు, ఏరుకొన్న చాలును. పూవు నడుమ సహజముగా రంధ్రముండుటచే సూది లేకయే పిల్లలు దారమునకు గ్రుచ్చుకొందురు. మల్లె మరునాటికి వాడి వాసన కోల్పోవును. పొగడ యెండినకొలదియు పరిమళము విడువదు. బట్టలపెట్టెలో ఆ దండలను దాచుకొన్న అవ్వలు మనలో ననేకుల యిండ్లలో నుండిరి. కాయలు అంగుళము పొడవున కాచి, పండినపుడు నారింజరంగు దాల్చును. వగరు కలిసిన తీపి. మామిడితో పోటీపడదు, పడవలసిన పనియు లేదు. వగరుగల బెరడు పండ్లచిగుళ్ళకు మందుగా దేశవైద్యమున ప్రసిద్ధము.

ఈ చెట్టు మన పొరుగువారెవ్వరికిని క్రొత్త కాదు. తమిళులు మగిళమందురు, కన్నడిగులు రంజ యందురు, మరాఠీలు బకుళ యందురు, ఒడియావారు బవుళ యందురు. సంస్కృతమున వకుళము. తిరువొత్తియూరు త్యాగరాజస్వామి ఆలయమున సుందరమూర్తి నాయనారు ప్రమాణము చేసినది ఈ చెట్టుక్రిందనే యని ఐతిహ్యము. నమ్మాళ్వారునకు వకుళాభరణుడని పేరు. తిరుమల వేంకటేశ్వరుని పెంపుడుతల్లి వకుళమాత. ఇందరు తమ తమ పేర నెరిగిన చెట్టును మన పిల్లలు మాత్రము మన పేర నెరుగరు.

మా బంధువుల బాలిక యొకతె సోలాపురమున పుట్టి పెరిగినది. పూవును చూపగనే “బకుళ” యన్నది. సంతోషించితిమి. తెలుగున దానిని పొగడ యందురని చెప్పగా, “ఎవరిని పొగడవలెను?” అని యడిగినది. అందరమును నవ్వితిమి, కాని ఆ నవ్వు చాలసేపు నిలువలేదు. తప్పు ఆ పిల్లది కాదు. ఆమెకు చెట్టును చూపినవారు మరాఠీ పొరుగువారు, మేము చూపలేదు.

దీనికి మనవారు చెప్పు అభ్యంతరములు మూడు.

మొదటిది, పొగడ నెమ్మదిగా పెరుగునని. నిజమే. వేగముగా పెరిగినవాని సంగతి చూడుడు. త్వరగా పచ్చబడునని నగరములందు నాటిన కోనోకార్పసును, దాని పుప్పొడివలన ఉబ్బసాది బాధలు కలుగుననియు, వేళ్ళవలన భూమిలోని గొట్టములు చెడుననియు, 2023లో గుజరాతు ప్రభుత్వము నిషేధించినది. 2016 డిసెంబరు 12న వర్దా తుపాను చెన్నపట్టణమును తాకినపుడు కూలిన వేలకొలది చెట్లలో, మడగాస్కరునుండి వచ్చిన ఎఱ్ఱతురాయివంటి పరదేశజాతులు విశేషముగా నుండెను. తాత నాటినది మనుమడు అనుభవించుట మన పెద్దలకు లోపముగా తోచలేదు, మనకేల తోచవలెను?

రెండవది, పండ్లు రాలి నేల మరకలగుననియు, పక్షులు, గబ్బిలములు చేరుననియు. చేరును. ఒక్క చీపురు చాలు పనికి చెట్టునే వెలివేయుదుమా? పక్షి వ్రాలని పెరడు శుభ్రముగా నుండవచ్చును గాని, అది పెరడు కాదు.

మూడవది, చెట్టునకును భాషకును సంబంధమేమని. ఇదియే అసలు ప్రశ్న. మాట పుస్తకములో దాగియుండగలదు గాని బ్రతుకుటకు వస్తువు కావలెను. ఏరుట, గ్రుచ్చుట, వగరు, టెంక, పాదు అను మాటలు పాఠమున చెప్పిన రావు. చెట్టుక్రింద కూర్చుండిన వచ్చును. 1936లో ఒడిశా, 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడును, 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినపుడును గీతలు గీసినవారు మన యిండ్లను ఆవలివైపున నుంచిరి. ఆ గీతలు పెరటిలోని మాటను నిషేధింపలేదు. దానిని విడిచినవారము మనమే. యానాము సోదరులకు ఈ నెపమును లేదు. వారి చుట్టునున్నది తెలుగునేలయే.

ఇది పొరుగుభాషపై కయ్యము కాదు. మన పిల్ల మగిళమనియు, రంజ యనియు, బకుళ యనియు ఎరుగుట భాగ్యమే. వానితోపాటు పొగడ యనియు ఎరుగవలెనన్నదే మా వాదము.

నాటుట కష్టము కాదు. బాగుగా పండిన పండ్లను తెచ్చి, గుజ్జు తీసి, గింజలను తాజాగానే ఇసుక కలిసిన మట్టిలో విత్తవలెను. మొక్క మోకాలెత్తు పెరిగిన పిమ్మట తొలకరిలో రెండడుగుల గోతిలో, మాగిన పశువుల ఎరువు వేసి నాటవలెను. గోడకు పదునైదడుగుల దూరము విడువవలెను. మొదటి రెండుమూడు వేసవులు నీరు పోసి కాపాడిన తరువాత చెట్టు తన్ను తానే పోషించుకొనును. పూతకు కొన్ని సంవత్సరములు పట్టును, ఓపిక వలయును. మేడలలో నుండువారికి పెరడు లేకున్నను సంఘభవనమునకు ఆవరణ యున్నది. వచ్చు ఉగాదికి ఒక ఉపన్యాసమును తగ్గించి, గొయ్యి నొకటి త్రవ్వుడు.

చెట్టు నాటిననాడు పిల్లలచేత మొదటి చెంబు నీరు పోయించి, దాని పేరు వారిచేతనే చెప్పించుడు. పొగడ యనగా ఎవరిని పొగడవలెనని మరియొక పిల్ల అడుగకుండ చేయగలిగినచో, ఆ యేడు సభలో విలపించు పని కొంతయైనను తగ్గును.